తిరిగి విప్పిన అరవై తూటాలు

పోయిన వారం బీపీ మాత్రల కోసం దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒక చిన్న క్లినిక్కుకి వెళ్లాను. కింది అంతస్తులోనే మందుల కౌంటరు. అక్కడున్న మలయాళీ అమ్మాయి పెద్ద డబ్బాలోంచి మాత్రలు నీలం పళ్లెంలో పోసుకుని, చిన్న పలకతో ఐదేసి చొప్పున పక్కకి జరుపుతూ లెక్కపెడుతోంది. సగం అయ్యాక కౌంటరు మీద ఫోను మోగింది. ఎత్తి రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసింది. ఒక్క క్షణం పళ్లెం వైపు చూసింది. తర్వాత లెక్కపెట్టినవీ పెట్టనివీ అన్నీ కలిపేసి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. నా వెనక నిలబడ్డాయన “యల్లా, యల్లా” అని గొణిగాడు. ఆ అమ్మాయి తలెత్తి “సారీ అంకుల్” అంది. “నో సారీ, బహుత్ అచ్ఛా కియా” అన్నాను నేను. ఆలస్యం చేసినందుకు మెచ్చుకునే మనిషిని ఆమె అంతకుముందు చూసి ఉండదు, అనుమానంగా నా వైపోసారి చూసి మళ్లీ పనిలో పడింది. మా ఉస్తాద్ అక్కడే ఉంటే ఆ అమ్మాయికి సెల్యూట్ కొట్టేవాడు. మాట వరసకి అనడం లేదు, నిజంగానే కొట్టేవాడు. ఇరవై ఏళ్లకు పైగా సైన్యంలో పనిచేసిన మనిషి కావడంతో, మంచి పని కంటబడితే చాలు, ఆయన చెయ్యి దానంతటదే నుదుటి దాకా లేచేది.

నేను ఖతార్ వచ్చింది రాడ్ బైండింగ్ పనికి. మాది జగిత్యాల దగ్గర పల్లె. మొదటి ఆరేళ్లూ రాస్ లఫాన్‌లోనే గడిచాయి. తెల్లారకముందే బస్సు, క్యాంపు నుంచి సైటుకి, సైటు నుంచి క్యాంపుకి. ఇనుప కడ్డీలు అడ్డంగా, నిలువుగా పరిచి, అవి కలిసిన ప్రతిచోటా సన్న తీగ చుట్టి, హుక్కుతో మెలితిప్పి బిగించడమే నా బతుకు. రోజుకి ఎన్ని ముళ్లు వేసేవాణ్నో నాకే తెలియదు. తర్వాత మా కంపెనీకి ఎడారి వైపు తుపాకి కాల్చుకునే రేంజ్ ఒకటి కట్టే పని వచ్చింది. పని ముగిసి అందరూ వెళ్లిపోతుంటే, రేంజ్ వాళ్లు మెయింటెనెన్సుకి ఇద్దరు మనుషులు కావాలన్నారు. ఆ ఇద్దరిలో నేనొకణ్ని. గురి అట్టలు మార్చడం, గుండ్లు దిగబడే ఇసుక కట్టని సరిచేయడం, షెడ్డు ఊడవడం మా పని. ఆరేళ్లు కడ్డీల మీద వంగిన నడుముకి అది సెలవులాగే అనిపించింది. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు.

షెడ్డు చివర ఒక గది ఉండేది. తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. దాని మీద లోపలికి రావద్దని నాలుగు భాషల్లో రాసి ఉండేది. అందులో తెలుగు లేదు గానీ, లోపలున్న మనిషి మాత్రం తెలుగువాడే. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఉస్తాద్. అక్కడ అరబ్బుల నుంచి నేపాలీల దాకా అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. సైన్యంలో తుపాకులు బాగుచేసే విభాగంలో పనిచేసి, పెన్షన్ పుచ్చుకుని, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఇక్కడికి వచ్చాడట. బక్కపల్చటి మనిషి. రెండు కళ్లద్దాల జతలు తాడు కట్టి మెడలో వేసుకునేవాడు, ఒకటి దూరానికి, ఇంకొకటి దగ్గరికి. తప్పు జత పెట్టుకుని, ఆ గదిలో వెలుతురు తక్కువైందని రోజుకొకసారైనా ఎలక్ట్రీషియన్ని తిట్టేవాడు. అన్నం డబ్బా మూత తీశాక కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసేవాడు. అది ముగిసేదాకా మేమూ చేతులు దగ్గర పెట్టుకుని కూర్చునేవాళ్లం. ప్రార్థన మరీ పొడుగైన రోజున ఆయనకి కూర నచ్చలేదని మాకు అర్థమయ్యేది.

ఆయన పని రెండు రకాలు. మెంబర్ల తుపాకులు బాగుచేయడం ఒకటి. పాత రైఫిళ్లకి తూటాలు తయారుచేయడం రెండోది. దానికి కావలసిన అనుమతులూ, తాళాలూ, రిజిస్టర్లూ అన్నీ రేంజ్‌కి ఉండేవి. తూటా పేలాక గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ఇత్తడి గొట్టం మాత్రం మిగులుతుంది. సైన్యంలో దాన్ని ఖోకా అంటారని ఆయనే చెప్పాడు. ఆ ఖోకాని శుభ్రం చేసి, కొలత సరిచూసి, అడుగున మందుకి నిప్పంటించే కొత్త ప్రైమర్ బిళ్ల బిగించి, లోపల మందు తూచి పోసి, పైన కొత్త గుండు కూర్చోబెడితే మళ్లీ తూటా అవుతుంది. చెప్పడానికి నాలుగు ముక్కలే. ఆయన దగ్గర అది చేయడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఆ గదిలోకి నన్ను తీసుకెళ్లింది నా తీగ పనే. ఒకరోజు తలుపు దగ్గర ఊడుస్తుంటే ఆయన ఖాళీ ఖోకాలో సన్నటి తీగ పెట్టి లోపలి గోడని తడుముతున్నాడు. చివర కొక్కెంలా వంచిన తీగ అది, వంపు సరిగా రాక జారిపోతోంది. ఒక పక్క తిట్టుకుంటున్నాడు. నేను ఉండబట్టలేక, “ఉస్తాద్, గట్ల కాదు, ఇటియ్యిండ్రి” అన్నాను. నాలుగు భాషల బోర్డుని దాటి నేను వేసిన మొదటి అడుగు అదే. జేబులోని కటింగ్ ప్లయర్‌తో తీగ కొస వంచి, రాతి మీద రెండుసార్లు గీసి మొన తేల్చి ఇచ్చాను. ఆయన దాన్ని ఖోకాలోకి దించి, అడుగు నుంచి మెల్లగా పైకి లాగాడు. మళ్లీ దించాడు. తర్వాత ఖోకాని నా చేతిలో పెట్టి, “నువ్వు లాగు. ఎక్కడన్నా తట్టుకుంటుందా?” అన్నాడు. అడుక్కి కాస్త పైన, గోడ లోపల, వెంట్రుక మందం గాడి ఒకటి తీగకి తగిలింది. “తగిలిందయ్యా? అక్కడ ఇత్తడి పల్చబడింది. ఇంకోసారి కాలిస్తే అక్కడికి రెండు ముక్కలవుతుంది. వేడి గాలి వెనక్కొచ్చి కాల్చేవాడి మొహాన కొడుతుంది” అన్నాడు. పైకి చూస్తే ఆ ఖోకా బంగారంలా మెరుస్తోంది. అంతకుముందు ఆయన బాగున్నాయని పక్కన పెట్టిన ఇరవైలో కూడా నా తీగకి ఇంకొకటి దొరికింది. ఆయన దాన్ని పటకారుతో నొక్కేసి చెత్తబుట్టలో పడేసి, కాసేపు నా వేళ్ల వైపు చూశాడు. మర్నాడే మేనేజరుతో చెప్పి, అనుమతి కాగితాల్లో నా పేరు చేర్పించాడు. ఆరేళ్లు కడ్డీలకి ముళ్లు వేసిన వేళ్లని ఒక మనిషి అంత మర్యాదగా చూడడం అదే మొదటిసారి.

ఇంటికి ఫోన్ చేసి కొత్త పని గురించి చెప్పినప్పుడు మాత్రం తిప్పలొచ్చిపడింది. “మందు తూచే పని” అన్నాను. మా అత్త దాన్ని ఇంకో మందు అనుకుంది. దుబాయ్‌లో అల్లుడు సారా దుకాణంలో చేరాడని వాడకట్టంతా తెలిసిపోయింది. మా వాళ్లకి గల్ఫ్ అంతా దుబాయే లెండి, ఖతార్ అని ఇన్నేళ్లుగా చెబుతూనే ఉన్నాను. అది సారా కాదు, తుపాకి మందు అని సర్దిచెబితే, వారం తిరిగేసరికి నేను అక్కడి పోలీసులో చేరినట్టయింది. నా భార్య మాత్రం అర్థం చేసుకుంది. “భద్రం, రెండు చేతులతోని పోయినవ్, రెండు చేతులతోని రా” అంది. ఆ మాట ఉస్తాద్‌కి చెబితే, నాలుగు భాషల బోర్డు తీసేసి అది రాయించాలన్నాడు.

ఆ గదికి కొన్ని నియమాలుండేవి. లోపలికి వచ్చేముందు ఫోను బయట గూట్లో పెట్టాలి. బల్ల మీద ఎప్పుడూ ఒకే రకం మందు డబ్బా ఉండాలి, రెండోది బీరువాలోంచి బయటికే రాకూడదు. పనిచేస్తూ మాట్లాడకూడదు. పుస్తకంలో రాసిన కొలతని దాటకూడదు, పాత తుపాకైతే ఆ కొలత దగ్గరికి కూడా పోకూడదు, తక్కువలోనే ఉండాలి. ప్రతి ఖోకాలోకీ మందు విడిగా తూచి పోయాలి. ఇరవై బొక్కలున్న చెక్క పళ్లెం నిండాక, గుండ్లు బిగించేముందు, టార్చి వేసి ఒక్కొక్క ఖోకాలోకీ తొంగిచూడాలి, అన్నిటిలో మందు ఒకే ఎత్తున ఉందో లేదో. చూశాక రిజిస్టర్‌లో టిక్కు పెట్టాలి. మధ్యలో ఏ కారణం వల్ల ఆగినా, ఆ పళ్లెం మొత్తం ఒంపేసి మొదటికి రావాలి. “మందు ఎక్కువైతే తుపాకి పగులుతుంది. అసలు లేకపోతే ఇంకా ప్రమాదం. ప్రైమర్ ఒక్కటే తుస్సుమని గుండుని తుపాకి గొట్టంలోకి నెట్టి వదిలేస్తుంది. పేలలేదనుకుని వాడు రెండోది కాలుస్తాడు. దారికి అడ్డంగా మొదటిది కూర్చుని ఉంటుంది” అని మొదటి రోజే చెప్పాడు. మరి దాన్ని ఏ రోజూ మళ్లీ చెప్పలేదు. నేను మర్చిపోతే చెయ్యి చాపి తలుపు చూపించేవాడు, అంతే. అలా నాలుగుసార్లు బయటికి వెళ్లి ఇసుక చదును చేసి వచ్చాను.

మేం ఎక్కువగా తూటాలు చేసింది ఒక ముసలాయన రైఫిల్‌కి. అల్ ఘర్రాఫాలో ఉండేవాడు. ఆయన్ని అందరం హాజీ అనేవాళ్లం. రైఫిల్ వాళ్ల నాన్నది. పాతకాలపు సైన్యపు బాణీ, చేత్తో బోల్ట్ లాగి వదిలేది. మా జగిత్యాల పోలీస్ స్టేషన్లో గోడకి ఆనించి కనబడే త్రీ నాట్ త్రీకి అది దూరపు చుట్టమని చూడగానే తెలిసిపోయింది. తేడా అల్లా, దాని చెక్క మూడు తరాల చేతుల నూనె తాగి ఖర్జూరం రంగుకి వచ్చింది. వాళ్ల నాన్న ఆ తుపాకితో ఎడారిలో జింకల్ని వేటాడాడట. ఇప్పుడు వాటిని కాల్చనివ్వరు, హాజీకి ఆ కోరికా లేదు. చలికాలం శుక్రవారాల్లో వచ్చి కాగితం మీద పది గుండ్లు కాల్చి, ఫ్లాస్కులోంచి గహ్వా, అంటే అరబ్బు కాఫీ, తాగి, మాకూ పోసి వెళ్లేవాడు. పాత రోజుల్లో బొంబాయితో వ్యాపారం చేశాడు కాబట్టి హిందీ బాగా వచ్చు. మాతో హిందీలోనే మాట్లాడేవాడు.

ఒక చలికాలం ఆయన కుడి కన్ను బాగా మసకబారింది. ఆపరేషన్ అన్నారు. తర్వాత చూపు ఎంత మిగులుతుందో చెప్పలేమన్నారు. ఆపరేషన్‌కి ముందు శుక్రవారం పాత రైఫిళ్ల వాళ్లంతా కలిసి పొద్దున పూట కాల్చుకునే కార్యక్రమం పెట్టుకున్నారు. ఆ రోజు తన కూతుళ్లూ మనవరాళ్లూ చూస్తుండగా తండ్రి తుపాకి కాల్చాలని హాజీ కోరిక. అరవై తూటాలు అడిగాడు. ఆ బుధవారమే ఉస్తాద్ పన్ను పీకించుకోవడానికి వెళ్లాల్సి వచ్చింది. వాచిన దవడ పట్టుకుని నా దగ్గరికి వచ్చి, “అరవైయ్యీ నువ్వే చెయ్యి. నేను లేకుండా” అన్నాడు. రెండేళ్ల తర్వాత మొదటిసారి ఒంటరిగా చేయబోతున్నాను. ఆ మాట విని గదిలోకి కాదు, గద్దె మీదికి నడిచినట్టు నడిచాను.

అదే రోజు మా పెద్దమ్మాయికి నర్సింగ్ సీటు వస్తుందో రాదో తేలే రోజు. ఫోను గూట్లో పెట్టాలని తెలుసు. ఒక్కరోజుకే కదా అని జేబులో ఉంచుకున్నాను. మొదటి పళ్లెం పూర్తయింది. రెండో పళ్లెంలో మందు పోయడం ముగిసిన వేళకి జేబు వణికింది. ఎత్తాను. “సీటొచ్చిందయ్యా!” అని నా భార్య ఏడుస్తూ నవ్వుతోంది. వెనకాల మా అమ్మాయి అరుపులు, మా అత్త దేవుళ్లందరికీ వరసగా మొక్కుకోవడం. నాకూ కళ్లు తడిశాయి. ఐదు నిమిషాలు మాట్లాడి, ముఖం తుడుచుకుని, తిరిగి బల్ల ముందు కూర్చున్నాను. గుండ్లు బిగించాను. మూడో పళ్లెం కూడా చేశాను. అరవై తూటాలూ పెట్టెల్లో సర్ది, చీటీలు అంటించి, రిజిస్టర్‌లో టిక్కులు పెట్టి, తాళం వేసి వచ్చేశాను. ఆ సాయంత్రం క్యాంపులో అందరికీ లడ్డూలు పంచాను.

శుక్రవారం పొద్దున రేంజ్‌కి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అమ్మాయి సీటు సంగతి తీపిగా మళ్లీ మళ్లీ తలుచుకుంటున్నాను. ఫోను రావడం, మాట్లాడడం, కళ్లు తుడుచుకోవడం, గుండ్లు బిగించడం. అక్కడ మనసు ఆగిపోయింది. కళ్లు తుడుచుకోవడానికీ గుండ్లు బిగించడానికీ మధ్య టార్చి కనబడలేదు. మళ్లీ మొదటి నుంచి తలుచుకున్నాను. మొదటి పళ్లెంలోకి తొంగిచూడడం గుర్తుంది, మూడోది గుర్తుంది. రెండోది లేదు. చూసి ఉంటాను, చూడకుండా ఎట్లుంటాను అని నాకు నేనే చెప్పుకున్నాను. రిజిస్టర్‌లో టిక్కు కూడా ఉంది. కానీ ఆ టిక్కు నా చెయ్యి అలవాటుగా పెట్టిందో, నా కళ్లు చూశాక పెట్టిందో నాకు తెలియదు. పైగా అరవై తూటాలనీ కలిపి పెట్టెల్లో సర్దేశాను. వాటిలో రెండో పళ్లెంవి ఏవో చెప్పే దారి లేదు. ఈ సంగతి ప్రపంచంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే, నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఏమీ కాదు.

అప్పటికే కార్లు వచ్చేశాయి. తివాచీలు పరిచారు. హాజీ తెల్లటి దుస్తుల్లో కుర్చీలో కూర్చుని, ఒళ్లో రైఫిల్ పెట్టుకుని చెక్కని నిమురుతున్నాడు. చుట్టూ ఆయన కుటుంబం. ఉస్తాద్ వాచిన దవడతో పెట్టెలు తీసి టేబుల్ మీద పెడుతున్నాడు. నేను దగ్గరికి వెళ్లి తెలుగులో మెల్లగా అన్నాను:

“ఉస్తాద్, ఒక్క మాట చెప్పాలె. రెండో పళ్లెంల టార్చి ఏసి చూసిన్నో లేదో యాదికొస్తలేదు.”

ఆయన చెయ్యి పెట్టె మీదే ఆగిపోయింది. “టిక్కు పెట్టావు కదయ్యా.”

“పెట్టిన. చెయ్యి పెట్టింది. కండ్లు చూసినయో లేదో తెల్వదు. నడుమ ఫోనొచ్చింది.”

“ఫోను లోపలికి తీసుకెళ్లావా?”

“తీస్కపోయిన.”

ఆయన తెరిచిన పెట్టె మూత వేసేశాడు. మూడు పెట్టెలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చంకలో ఇరికించుకుని, మేనేజరు దగ్గరికి వెళ్లి ఇంగ్లీషులో, అందరికీ వినబడేంత గట్టిగా, ఈ తూటాలు కాల్చడానికి వీల్లేదని చెప్పాడు. మేనేజరు ముఖం ఎర్రబడింది. రిజిస్టర్ తెప్పించి టిక్కుల మీద వేలు పెట్టి, “పేపర్ ఓకే హై ఉస్తాద్! వీడికి అనుమానమొస్తే మనమంతా ఆగాలా?” అన్నాడు. ఉస్తాద్ నెమ్మదిగా, “కాగితం లోపలికి తొంగిచూడదు సార్” అన్నాడు. తూటాలని అలాగే తూకం వేస్తే సరిపోదా అని ఇంకెవరో అడిగారు. “మందు అసలే లేకపోతే తెలుస్తుంది. కొంచెం ఎక్కువైందో తక్కువైందో తెలియదు. ఏ రెండు ఖోకాల బరువూ ఒకటి కాదు, ఆ తేడాలో ఈ తేడా దాక్కుంటుంది. విప్పాల్సిందే” అన్నాడు ఉస్తాద్.

అందరూ హాజీ వైపు చూశారు. మేనేజరు అరబ్బీలో వివరించాడు. హాజీ అంతా విని, మసకబారిన కంటిని కాస్త మూసి, రెండో కంటితో నన్ను చూశాడు. హిందీలో అడిగాడు: “నీకు అనుమానమా?”

“అవును హాజీ.”

ఆయన తన బంధువుల వైపు తిరిగి ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత మా కోసం హిందీలో మళ్లీ అన్నాడు. “వండినవాడే తినొద్దంటున్నాడు. నేను తింటానా?” రైఫిల్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, “జుమ్మా నమాజు చేసుకుని వస్తాను. ఈలోపు ఎన్ని కొత్తవి సరిగ్గా చేయగలరు?” అన్నాడు. ఉస్తాద్ నన్ను చూశాడు. “పాతవి విప్పడం అయ్యాక, ఐదు” అన్నాను. “ఐదు చాలు” అన్నాడు హాజీ.

తూటా విప్పడానికి సుత్తిలాంటి పనిముట్టు ఒకటుంటుంది. తూటాని దాని తలలో బిగించి, చెక్క దిమ్మె మీద కొడితే, గుండూ మందూ ఊడి లోపలి గిన్నెలో పడతాయి. ఒక్కోదానికి మూడు నాలుగు దెబ్బలు. నేను కొట్టేవాణ్ని. ఉస్తాద్ మందుని తక్కెడలో పోసి తూచేవాడు. బయట మిగతావాళ్లు తమ తుపాకులు కాలుస్తున్నారు, లోపల మా దెబ్బలు. పది అయ్యాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇరవై, ముప్పై. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. భుజం లాగేస్తోంది. మేనేజరు రెండుసార్లు తలుపు దాకా వచ్చి, మా ముఖాలు చూసి వెళ్లిపోయాడు. నలభై దాటాక నాలో ఒక పాడు కోరిక మొదలైంది. ఒక్కటైనా తప్పుగా ఉంటే బాగుండు. ఒక్కదాంట్లో మందు లేకపోయినా చాలు, నేను చెప్పింది నిజమైనట్టే. యాభై తొమ్మిది సరిగ్గా ఉన్నాయి. అరవయ్యోదీ విప్పాను. ఉస్తాద్ తూచాడు. తక్కెడ ముల్లు ఉండాల్సిన చోటే నిలబడింది.

నేను స్టూలు మీద కూలబడ్డాను. “ఏం లేదు ఉస్తాద్. ఊకెనే ఇంతమందిని ఆపిన. ముసలాయన పండుగ చెడగొట్టిన” అన్నాను. ఆయనకి వాచిన దవడతో నవ్వడం కష్టమైంది గానీ నవ్వాడు.

“తప్పు దొరకలేదని ఏడుస్తున్నావా? ఏవయ్యా జగిత్యాలా, అరవై తూచావు, అరవైయ్యీ సరిగ్గా ఉన్నాయి. మా సుబేదారు దగ్గర నేను మొదటిసారి ఒంటరిగా చేసినప్పుడు అన్నీ సరిగ్గా రాలేదు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు కూడా.” తక్కెడ పళ్లెం తుడిచి పక్కన పెడుతూ, “నువ్వు చెప్పావు” అన్నాడు.

తర్వాత విప్పిన మందునంతా ఎవరూ వాడకుండా నీళ్ల బకెట్లో పోయించాడు. బల్ల తుడిపించాడు. నా ఫోను అడిగి తీసుకుని, తనే వెళ్లి గూట్లో పెట్టి వచ్చాడు. కొత్త ఖోకాలు ఐదు, గుండ్లు ఐదు నా ముందు పెట్టి, తను వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తనే చేస్తాడనుకున్నాను. “నువ్వే” అన్నాడు. నా తీగతో ఐదింటి గోడలూ తడిమాను. ప్రైమర్లు బిగించాను. మందు తూచాను, మళ్లీ తూచాను. టార్చి వేసి చూశాను. ఈసారి చూస్తున్నానని నాకు నేనే పైకి అనుకుంటూ, ఒకటి, రెండు, మూడు అని వేలు పెట్టి చూశాను. ఆయన కూడా వంగి చూశాడు, దూరపు అద్దాలతో ఒకసారి, దగ్గరి అద్దాలతో ఒకసారి.

హాజీ రెండు గంటలకి వచ్చాడు. పొద్దుటి జనం లేరు. తివాచీలు చుట్టేశారు. ఆయన వెంట పెద్ద మనవరాలు ఒక్కతే వచ్చింది, యూనివర్సిటీలో చదువుకునే అమ్మాయి. దుర్భిణీ ముందు కూర్చుని గుండు ఎక్కడ తగిలిందో తాతకి చెప్పడానికి సిద్ధమైంది. ఐదు తూటాలనీ చిన్న గుడ్డ మీద పెట్టి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన ఒక్కొక్కదాన్నీ వేళ్ల మధ్య తిప్పి చూసి, రైఫిల్‌లోకి నెట్టాడు. మోచేతులు ఇసుక సంచుల మీద ఆనించి చాలాసేపు ఊపిరి సర్దుకున్నాడు. మొదటి తూటా పేలినప్పుడు నేను కళ్లు మూసుకోకుండా ఆపుకున్నాను. శబ్దం ఇసుక కట్టకి తగిలి తిరిగొచ్చింది. ఆయన బోల్ట్ లాగాడు, ఖోకా టంగుమని సిమెంటు మీద పడింది. ఉస్తాద్ దాన్ని తీసి ఒక చూపు చూసి, నా వైపు తల ఊపాడు. మనవరాలు అరబ్బీలో ఏదో అరిచింది. రెండు, మూడు, నాలుగు. ఐదోది కాల్చాక హాజీ తుపాకి కింద పెట్టి, నుదురు దాని చెక్కకి ఆనించి కొంచెంసేపు అలాగే ఉండిపోయాడు.

గురి కాగితం నేనే వెళ్లి తెచ్చాను. నాలుగు చిల్లులు టీ సాసరు కింద దాగిపోయేంత దగ్గరగా ఉన్నాయి. ఐదోది మాత్రం జానెడు దూరంలో పడింది. నా తూటాలోనే తేడా ఉందనుకున్నాను. హాజీ ఆ చిల్లు మీద వేలు పెట్టి నవ్వాడు. “ఇది నాది. ఆ నాలుగూ నీవి.” కాగితం మీద తన పేరు అరబ్బీలో రాసి, నా పేరు అడిగి, అది కూడా అరబ్బీలో రాసి, మనవరాలి చేతికి ఇచ్చాడు. నా పేరు ఆ లిపిలో ఎలా ఉంటుందో అదే మొదటిసారి చూడడం. కుడి నుంచి ఎడమకి నడిచి వస్తున్న వేరే మనిషిలా ఉంది, కానీ నేనే.

మరి నాకు శిక్ష పడలేదా అంటే, పడింది. గదిలోకి ఫోను తీసుకెళ్లినందుకు మేనేజరు వార్నింగ్ లెటర్ ఇచ్చాడు. ఉస్తాద్ దానికి అడ్డుపడతాడని ఆశపడ్డాను. ఆయన అడ్డుపడకపోగా, నెల రోజులు నన్ను బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఇసుక, అట్టలు, చీపురు. అయితే ఆ నెలలో ఒకరోజు రిజిస్టర్ తెరిచి చూపించాడు. ఆ బుధవారం పేజీలో నా టిక్కుల పక్కన ఎర్ర సిరాతో, తన గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాశాడు: “అరవై తూటాలు విప్పి చూడటమైనది. తప్పు లేదు. సందేహం చెప్పినవాడు”, ఆ తర్వాత ఇంటిపేరుతో సహా నా పేరు. ఆ రిజిస్టర్‌లో తెలుగులో ఉన్న వాక్యం అదొక్కటే. తనిఖీకి వచ్చినవాళ్లు అదేమిటని అడిగితే, “క్వాలిటీ రిపోర్ట్” అని చెప్పేవాడట.

హాజీ కంటికి ఆపరేషన్ కొంతవరకే పనిచేసింది. ఇంకో రెండు చలికాలాలు వచ్చాడు, కాల్చింది తక్కువ, గహ్వా తాగింది ఎక్కువ. ఆయన పోయాక రైఫిల్ ఆ మనవరాలికి వచ్చింది. ఏడాదికి రెండుసార్లు వస్తుంది, తాత కన్నా గురి బాగా కుదిరింది. ఆమె తూటాలు నేనే చేస్తాను. ఉస్తాద్ మోకాళ్ల నొప్పులతో కృష్ణా జిల్లాకి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఆదివారాలు చర్చి నుంచి వచ్చే వేళకి ఫోన్ చేస్తుంటాను. ఒక చెవి సరిగా వినబడదు కాబట్టి అరిచి మాట్లాడతాడు. హలో అనడు. “ఎక్కడినుంచి చేస్తున్నావు? గదిలోంచి కాదు కదా?” అంటాడు. కాదని ఒట్టు వేశాకే మా అమ్మాయి సంగతి అడుగుతాడు. ఆ అమ్మాయి ఇప్పుడు కరీంనగర్‌లో పెద్ద ఆస్పత్రిలో నర్సు. ఇంజెక్షన్ ఇచ్చేముందు మందు పేరు రెండుసార్లు పైకి చదువుతుందని, ఆ అలవాటు నేర్పింది నేనేనని, ఉస్తాద్‌కి చాలాసార్లు చెప్పాను. ప్రతిసారీ కొత్తగా విన్నట్టే వింటాడు.

యాభై దాటాను. ఈ దేశంలో నేను గడిపిన కాలమంతా టైమ్ షీట్లలో ఉంది, ఏ గంటకి ఎక్కడికి వచ్చానో, ఏ గంటకి వెళ్లానో. అవన్నీ డ్యూటీ గంటలు, ఎవరో ఒకరు అడిగితే ఇచ్చినవి. ఆ శుక్రవారం పొద్దున మూడు గంటలు వృథా అయ్యాయని అందరూ అన్నారు. ఇన్నేళ్లలో పూర్తిగా నావి అని చెప్పుకోవడానికి వెతికితే, ముందుగా చేతికి వచ్చేవి ఆ మూడు గంటలే.